టి కణం చూసేది దేన్ని? (యల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో చేసిన ఉపన్యాసం)



సుబ్బారావు గారి పేరు మీద సభ జరిగితే ఆయన జీవితకథ చెప్పుకోవడం మన అలవాటు. భీమవరంలో పుట్టుక, మద్రాసు వైద్య కళాశాల, 1923లో బోస్టన్ ప్రయాణం, హార్వర్డులో దక్కని గుర్తింపు, లెడర్లీ ఔషధ సంస్థలో చేసిన మహత్తరమైన పని, 1948లో యాభై మూడేళ్లకే ఆగిపోయిన గుండె. ఇదంతా మీలో చాలామందికి తెలుసు. అందుకని ఇవాళ ఆయన కథ కాకుండా ఆయన పని తర్వాత ఎక్కడెక్కడికి చేరిందో చూపించే ఒక విషయం ఎంచుకున్నాను. ఆయన చేతుల మీదుగా వెలుగు చూసిన అణువులు రెండు, ఏటీపీ, మెథోట్రెక్సేట్, ఈ కథలోకి వాటంతట అవే వస్తాయి.

వైరస్ మన కణాల లోపల చేరి పెరుగుతుంది. రక్తంలోనూ ముక్కు, గొంతు పొరల మీదా తిరిగే వైరస్‌ను యాంటీబాడీలు పట్టుకుంటాయి గానీ, అది ఒకసారి కణంలోకి దూరిందంటే వాటికి అందదు. అప్పుడు ఆ కణాన్నే చంపి వైరస్ ఉత్పత్తిని ఆపాలి. ఆ పని టి కణాలది, ముఖ్యంగా సీడీ8 రకం టి కణాలది. అయితే టి కణం కూడా మరో కణం లోపలికి వెళ్లి చూడలేదు. పైపైన తడిమి చూసి, ఇది చంపాల్సిందో వదిలేయాల్సిందో కొద్ది నిమిషాల్లో తేల్చుకుంటుంది. బయట నుంచి తడిమితే లోపల ఉన్నది ఎలా తెలుస్తుంది? 1970ల మొదట్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు. యాంటీబాడీ వైరస్‌ను పట్టుకున్నట్టే టి కణం కూడా వైరస్ ప్రొటీన్‌ను నేరుగా పట్టుకుంటుందని చాలామంది అనుకునేవారు.

1973లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని జాన్ కర్టిన్ వైద్య పరిశోధన సంస్థలో ఇద్దరు యువ శాస్త్రవేత్తలు ఒకే ప్రయోగశాలలో సర్దుకుని పనిచేస్తున్నారు. పీటర్ డోహర్టీ బ్రిస్బేన్‌లో పశువైద్యం చదివినవారు. రోల్ఫ్ జింకర్‌నాగెల్ స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నుంచి వచ్చిన డాక్టరు. ఎలుకల మెదడు పొరలకు వాపు తెచ్చే ఒక వైరస్ మీద వాళ్ల పని. దాని పేరు లింఫోసైటిక్ కోరియోమెనింజైటిస్ వైరస్. ఈ వైరస్‌కు ఒక విశేషం ఉంది. తాను దూరిన కణాన్ని అది చంపదు. దాన్ని తుదముట్టించడానికి మెదడు పొరల్లోకి దూసుకొచ్చిన టి కణాలే ఎలుక ప్రాణం తీస్తాయి. టి కణాల పనిని గమనించడానికి ఇంతకన్నా మంచి వైరస్ దొరకదు.

వాళ్ల పద్ధతి సులువైనదే. వైరస్ సోకిన ఎలుక ప్లీహం నుంచి టి కణాలు తీస్తారు. మరో పక్క, ప్రయోగశాలలో పెంచిన ఎలుక కణాలకు అదే వైరస్ సోకించి, వాటిలో రేడియోధార్మిక క్రోమియం నింపుతారు. రెంటినీ కలిపి పెడతారు. టి కణం తన లక్ష్యాన్ని చంపితే క్రోమియం బయటికి కారుతుంది. ఎంత కారిందో కొలిస్తే ఎన్ని కణాలు చచ్చాయో తెలిసిపోతుంది.

ఒక జాతి ఎలుకల టి కణాలు ఎక్కువ చురుకా, మరో జాతివి తక్కువ చురుకా అని చూద్దామని రకరకాల జాతుల ఎలుకలతో ఈ ప్రయోగం చేశారు. అన్నిటికీ ఒకే వైరస్, ఒకే జబ్బు. కానీ ఫలితం ఎవరూ ఊహించనిది. కొన్ని జాతుల టి కణాలు లక్ష్య కణాలను ఎడాపెడా చంపాయి. మిగిలిన జాతులవి వాటిని ముట్టుకోనేలేదు. అవి చేతకాని టి కణాలు కావు. తమ సొంత ఎలుకను అవే చంపుతున్నాయి. లక్ష్య కణాలను కూడా వాటి జాతి ఎలుక నుంచే తీసి ఇస్తే మళ్లీ చంపాయి. టి కణం, లక్ష్య కణం ఒకే హెచ్-2 రకానికి చెందితేనే వేట జరుగుతోంది. వైరస్ ఒకటే అయినా ఒంటి ముద్ర వేరైతే టి కణానికి ఆ వైరస్ కనపడటం లేదు.

ఈ హెచ్-2 అప్పటికి కొత్తది కాదు. 1930ల్లో లండన్‌లో పీటర్ గోరర్, ఆ తర్వాత అమెరికాలో జార్జ్ స్నెల్ ఎలుకల్లో దాన్ని గుర్తించారు. ఒక ఎలుక చర్మాన్ని మరో ఎలుకకు అతికిస్తే ఊడిపోవడానికి కారణమైన జన్యువులివి. మనుషుల్లో వాటికి సమానమైన హెచ్ఎల్ఏ వ్యవస్థలోని మొదటి అణువును 1958లో పారిస్‌లో జాన్ డొసే కనుగొన్నారు. అంటే అంతవరకూ వీటిని అవయవ మార్పిడికి అడ్డుపడే అణువులుగానే చూశారు. ప్రకృతిలో ఒకరి చర్మం ఇంకొకరికి అతికించే పని ఎప్పుడూ లేదు. మరి దాదాపు ప్రతి వెన్నెముక జంతువు ఒంట్లోనూ ఇవి ఎందుకున్నాయి? 1974లో నేచర్ పత్రికలో వచ్చిన డోహర్టీ, జింకర్‌నాగెల్‌ల చిన్న వ్యాసాలు ఆ ప్రశ్నకు జవాబిచ్చాయి. వైరస్‌ను టి కణానికి చూపించడమే వాటి అసలు పని. 1996లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. నా దృష్టిలో ఆ ప్రయోగం గొప్పదనం చంపిన కణాల లెక్కలో లేదు. చంపని కణాలను ప్రయోగ లోపమని కొట్టిపారేయకుండా వాటినే పట్టుకుని అడగడంలో ఉంది. ఇక్కడున్న విద్యార్థులు దీన్ని గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను.

అయితే వాళ్లకూ ఒక చిక్కు మిగిలింది. టి కణం వైరస్‌ను ఒక చేత్తో, సొంత అణువును ఇంకో చేత్తో విడివిడిగా పట్టుకుంటోందా? లేక వైరస్ వల్ల మారిపోయిన సొంత అణువునే చూస్తోందా? దాదాపు పదేళ్లు ఈ వాదం నడిచింది.

దీన్ని తేల్చినవారిలో మొదట ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన అలెన్ టౌన్‌సెండ్ పేరు చెప్పుకోవాలి. ఫ్లూ వైరస్‌లో న్యూక్లియోప్రొటీన్ అనేది ఒకటి ఉంది. అది వైరస్ లోపలి సరుకు. సోకిన కణం పైన పూర్తి రూపంలో అది కనిపించదు. అయినా ఫ్లూ వచ్చిన ఎలుకల టి కణాలు దాన్నే గుర్తుపడుతున్నాయి. 1986లో టౌన్‌సెండ్ ఇంకో అడుగు ముందుకేశారు. వైరస్సే లేకుండా, ఆ ప్రొటీన్‌లోని చిన్న ముక్కను ప్రయోగశాలలో తయారుచేసి మామూలు కణాల మీద పోస్తే చాలు, టి కణాలు వాటిని చంపేశాయి. టి కణం చూసేది పూర్తి వైరస్‌ను కాదు, పూర్తి ప్రొటీన్‌ను కూడా కాదు. గుప్పెడు అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ను.

మరుసటి ఏడాది, 1987 అక్టోబరులో, హార్వర్డులో పమేలా బ్యోర్క్‌మన్, డాన్ వైలీ, జాక్ స్ట్రామింజర్‌ల బృందం మనిషి హెచ్ఎల్ఏ-ఏ2 అణువు ఎక్స్‌రే చిత్రాన్ని ప్రచురించింది. ఆ అణువు తల మీద ఒక గాడి ఉంది. కింద ఎనిమిది పట్టీల నేల, అటూ ఇటూ మెలితిరిగిన రెండు గట్లు. పొడవు 25 ఆంగ్‌స్ట్రామ్‌లు, వెడల్పు 10. గాడి ఖాళీగా లేదు. అణువును శుద్ధిచేసినా పోకుండా అందులో ఏదో ఇరుక్కుని ఉంది. ఒకటి కాదు, రకరకాల పెప్టైడ్‌లు కలగలిసి ఉండడం వల్ల మసగ్గా కనిపించిన ముద్ద అది. మనిషికీ మనిషికీ తేడాగా ఉండే అమైనో ఆమ్లాలు అణువంతటా చెల్లాచెదురుగా లేవు. దాదాపు అన్నీ ఆ గాడి నేల మీద, గోడల మీదే ఉన్నాయి. పాత వాదం ఆ ఒక్క బొమ్మతో ముగిసింది. వైరస్ ముక్కా సొంత అణువూ కలిసి ఒకే ముఖంగా ఏర్పడతాయి. టి కణం ఆ ముఖాన్ని చూస్తుంది.

ఇప్పుడు ఆ ముక్క గాడిలోకి ఎలా చేరుతుందో చూద్దాం. ఇక్కడే సుబ్బారావు గారు మనల్ని కలుస్తారు.

కణం తన ప్రొటీన్లను నిరంతరం తయారుచేస్తూ, పాతబడ్డవాటినీ సరిగా మడతపడనివాటినీ విరగ్గొడుతూ ఉంటుంది. విరగ్గొట్టే యంత్రం పేరు ప్రొటియాసోమ్. ఏడేసి భాగాల వలయాలు నాలుగు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుంటుంది దాని మధ్యభాగం. వైరస్ దూరిన కణంలో వైరస్ ప్రొటీన్లకు కూడా ఇదే గతి పడుతుంది. తెగిన ముక్కల్లో కొన్నిటిని టాప్ అనే రవాణా ప్రొటీన్ ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ లోపలికి చేరవేస్తుంది. అక్కడ ఒక ఎంజైము వాటి కొసలు కత్తిరించి సరైన పొడవుకు తెస్తుంది. టపాసిన్ లాంటి సహాయక ప్రొటీన్లు హెచ్ఎల్ఏ అణువును పట్టి ఉంచి, దానికి గట్టిగా అతుక్కునే ముక్క దొరికేదాకా వదలవు. ముక్క కుదిరాకే అణువు కణం పైకి ప్రయాణం కడుతుంది. ప్రొటీన్‌ను విప్పి ప్రొటియాసోమ్‌లోకి తోయడానికి ఏటీపీ ఖర్చవుతుంది. టాప్ ద్వారా ముక్క లోపలికి దాటడానికీ ఏటీపీయే కావాలి. 1929లో సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు గారు కండరంలో కనుగొన్న ఏటీపీ అదే. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. కండరం ముడుచుకోవడానికి శక్తి ఎక్కడిదని వెతుకుతున్నప్పుడు బయటపడిన అణువు, వైరస్ ముక్కను టి కణం ముందు పెట్టడానికీ తప్పనిసరి అని వాళ్లలో ఎవరికీ తెలిసే అవకాశం అప్పట్లో లేదు.

గాడిలో పట్టేది సాధారణంగా ఎనిమిది నుంచి పది అమైనో ఆమ్లాల ముక్క. 1991లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో హాన్స్-గేయోర్గ్ రామెన్‌జే బృందం తేల్చినదేమంటే, ఒక్కో హెచ్ఎల్ఏ రకానికి ఒక్కో ఎంపిక ఉంది. హెచ్ఎల్ఏ-ఏ2 తీసుకోండి. ముక్కలో రెండో స్థానంలో ల్యూసిన్ లాంటిది, చివరి స్థానంలో వాలిన్ గానీ ల్యూసిన్ గానీ ఉంటే దానికి బాగా కుదురుతుంది. ఆ రెండూ గాడి నేలలోని గుంటల్లో దిగబడతాయి. మధ్యలోని అమైనో ఆమ్లాలు పైకి తేలి టి కణానికి కనిపిస్తాయి. ఫ్లూ వైరస్ మాట్రిక్స్ ప్రొటీన్‌లో 58 నుంచి 66 దాకా ఉన్న తొమ్మిది అమైనో ఆమ్లాల ముక్క ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. ఏ2 ఉన్నవాళ్లలో ఫ్లూ వచ్చి తగ్గినవాళ్ల రక్తంలో దీన్ని గుర్తించే టి కణాలు తరచూ దొరుకుతాయి.

ఒక కణం మీద ఇలాంటి అణువులు లక్ష పైచిలుకు ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కణంలో అన్నిటి గాడుల్లోనూ మన సొంత ప్రొటీన్ల ముక్కలే. కుండెడు అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టు, టి కణం ఈ ముక్కలను బట్టి కణం లోపలి స్థితిని తెలుసుకుంటుంది. అన్ని వేల సొంత ముక్కల మధ్య వైరస్ ముక్కలు పట్టుమని పది ఉన్నా టి కణం పసిగట్టగలదు. విచిత్రమేమిటంటే, టి కణం పట్టు చాలా బలహీనమైనది. యాంటీబాడీ తన లక్ష్యాన్ని గంటల తరబడి వదలదు. టి కణం రిసెప్టర్ మాత్రం కొద్ది సెకన్లలోనే జారిపోతుంది. సీడీ8 అణువు పక్కనుంచి ఊతమిస్తుంది. ఆ కొన్ని సెకన్లు నిలబడిందా లేదా అన్నదాని మీదే చంపాలా వద్దా అన్న నిర్ణయం ఆధారపడి ఉంటుంది. ఒకచోట అతుక్కుపోకుండా వేల కణాలను తడుముకుంటూ పోవాల్సిన కణానికి ఇదే తగిన ఏర్పాటు.

సొంత అణువును ఇంత బాగా ఎరిగిన టి కణం సొంత ఒంటి మీదే ఎందుకు విరుచుకుపడదు? గుండె పైన ఉండే థైమస్ గ్రంథిలో వాటికి గట్టి వడపోత జరుగుతుంది. సొంత హెచ్ఎల్ఏను అసలే గుర్తించలేని కణాలు అక్కడ నశిస్తాయి. సొంత ముక్కలను మరీ గట్టిగా పట్టుకునేవీ నశిస్తాయి. అక్కడ తయారైన కణాల్లో నూటికి ఐదు కూడా బయటికి రావు. వడపోత ఎప్పుడైనా తప్పితే వచ్చేవే మధుమేహంలో మొదటి రకం లాంటి వ్యాధులు.

వైరస్‌లు ఈ ఏర్పాటునంతా చూస్తూ ఊరుకోలేదు. కోట్ల ఏళ్ల సహవాసంలో వాటికీ ఎత్తులు వచ్చాయి. హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ 88 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్‌తో టాప్ దారిని మూసేస్తుంది. సైటోమెగాలో వైరస్ కొత్తగా తయారైన హెచ్ఎల్ఏ అణువులను పైకి పోకముందే వెనక్కి లాగి నాశనం చేయిస్తుంది. హెచ్ఐవీలోని నెఫ్ ప్రొటీన్ కణం మీదున్న ఏ, బి రకాల అణువులను లోపలికి లాక్కుని, సి రకాన్ని చాలావరకు వదిలేస్తుంది. ఆ వదిలేయడానికి కారణముంది. హెచ్ఎల్ఏ అసలే కనిపించని కణాన్ని చంపడానికి మనకు ఎన్‌కే కణాలనే ఇంకో దళం ఉంది. 1980ల్లో స్వీడన్‌కు చెందిన క్లాస్ షారె ఈ సంగతి గుర్తించారు. అన్నీ చూపిస్తే టి కణం చంపుతుంది, ఏదీ చూపించకపోతే ఎన్‌కే కణం చంపుతుంది. ఈ రెంటి మధ్య సందు వెతుక్కోవడమే వైరస్ బతుకు.

వైరస్‌కు ఇంకో దారి కూడా ఉంది: ఆ ముక్కనే మార్చేయడం. గాడిలో పట్టే అమైనో ఆమ్లం ఒక్కటి మారితే చాలు, ఆ ముక్క ఇక కనిపించదు. ఈ ఎత్తు ఒక మనిషి దగ్గర పారినా పక్క మనిషి దగ్గర పారదు, ఎందుకంటే అతని గాడి వేరు, అది ఎంచుకునే ముక్క వేరు. హెచ్ఎల్ఏ-ఏ, బి, సి రకాలు తల్లి నుంచి మూడు, తండ్రి నుంచి మూడు, మొత్తం ఆరు మనకు వస్తాయి. ప్రపంచ జనాభాలో ఈ మూడు జన్యువులకు ఇప్పటిదాకా దొరికిన రూపాలు 20 వేలకు పైమాటే. మన జన్యువులన్నిటిలోకీ ఇంత వైవిధ్యం ఉన్నవి ఇవే. ఒక మహమ్మారి వస్తే ఊరంతా ఒకే తీరుగా దెబ్బతినకుండా కొందరైనా నిలబడేలా చేసేది ఈ తేడాలే.

వీటిలో మంచిది ఏది, చెడ్డది ఏది అని అడుగుతుంటారు. అలా చెప్పడానికి వీల్లేదని నా అభిప్రాయం. హెచ్ఎల్ఏ-బి*57:01 ఉన్నవారిలో కొందరు మందులు లేకుండానే హెచ్ఐవీని ఏళ్ల తరబడి అదుపులో ఉంచుకున్నారు. వైరస్ మార్చుకోవడానికి వీల్లేని భాగాలను ఆ గాడి చూపిస్తుంది. మార్చుకుంటే వైరస్సే బలహీనపడుతుంది. అదే బి*57:01 ఉన్నవారికి హెచ్ఐవీకే వాడే అబాకవిర్ అనే మందు ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఆ మందు వెళ్లి అదే గాడి అడుగున కూర్చుని, మామూలుగా రాని సొంత ముక్కలు అక్కడికి వచ్చేలా చేస్తుంది. టి కణాలకు ఒళ్లంతా పరాయిగా తోస్తుంది. అందుకే ఈ మందు మొదలుపెట్టే ముందు ఆ జన్యు పరీక్ష చేయాలని 2008లో అమెరికా ఎఫ్‌డీఏ సూచించింది. బి27 కూడా హెచ్ఐవీని నిలువరిస్తుంది. వెన్నెముక బిగుసుకుపోయే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఎక్కువగా వచ్చేదీ బి27 ఉన్నవారికే. మేలూ కీడూ ఒకే గాడిలో ఉన్నాయి.

కోవిడ్ కాలంలోనూ ఇలాంటిదే ఒకటి బయటపడింది. 2023లో నేచర్‌లో వచ్చిన పరిశోధన అది. అమెరికాలో ఎముక మజ్జ దానానికి పేరు నమోదు చేసుకున్నవారి హెచ్ఎల్ఏ వివరాలు ముందే ఉన్నాయి కాబట్టి, వాళ్లలో దాదాపు 30 వేల మందిని ఫోన్ ద్వారా గమనిస్తూ వచ్చారు. టీకా ముందు రోజుల్లో వైరస్ సోకినవారు 1,428 మంది. వాళ్లలో 136 మందికి ఏ లక్షణమూ రాలేదు. ఆ లక్షణాలు రానివారిలో ఐదుగురికి ఒకరి దగ్గర హెచ్ఎల్ఏ-బి*15:01 ఉంది. లక్షణాలు వచ్చినవారిలో ఇది 9 శాతమే. కారణం కూడా తేలింది. మామూలు జలుబు తెచ్చే పాత కరోనా వైరస్‌లలోనూ కోవిడ్ వైరస్‌లోనూ దాదాపు ఒకేలా ఉన్న ఒక ముక్క ఉంది. తొమ్మిది అమైనో ఆమ్లాల్లో ఒక్కటే తేడా. బి*15:01 ఆ ముక్కను పట్టి చూపిస్తుంది. జలుబు నాటి టి కణాలు కోవిడ్‌ను అప్పటికే ఎరిగి ఉన్నాయి. అయితే ఈ విశ్లేషణ తెల్లజాతివారికే పరిమితం, ఎందుకంటే లెక్క తేల్చడానికి సరిపడా మంది మిగిలిన జాతులవారిలో లేరు. అంటే మన లాంటివారి హెచ్ఎల్ఏల సంగతి ఆ పరిశోధన చెప్పలేకపోయింది. ఈ మాట నన్ను బాధపెడుతుంది.

ఇక చివరి విషయానికి వస్తాను. ఒకరి టి కణాలను ఇంకొకరి ఒంట్లో పెడితే ఏమవుతుంది? లుకేమియాకూ తలసేమియాకూ చేసే ఎముక మజ్జ మార్పిడిలో అదే జరుగుతుంది. దాత మజ్జతోపాటు దాత టి కణాలూ వస్తాయి. రోగి హెచ్ఎల్ఏ వాటికి కొత్త. అన్ని కణాలకూ వైరస్ సోకిందన్నట్టుగా చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద అవి దాడి చేస్తాయి. సియాటిల్‌లో డొనాల్ థామస్, రైనర్ స్టార్బ్ బృందం ఈ దాడిని అణచడానికి ఎంచుకున్న మందుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. సైక్లోస్పోరిన్‌తో కలిపి ఇచ్చే ఆ విధానాన్ని వాళ్లు 1986లో ప్రచురించారు. దశాబ్దాల పాటు చాలాచోట్ల అదే ప్రామాణికంగా నిలిచింది. మెథోట్రెక్సేట్ సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీలో ఫోలిక్ ఆమ్లం మీద జరిగిన పనిలోంచి వచ్చిన మందు. విభజన చెందుతున్న టి కణం ఫోలేట్‌ను వాడుకోకుండా చేస్తుంది. రక్త క్యాన్సర్ పిల్లలకు వాడిన మందు, ఆ పిల్లలకే మజ్జ మార్పిడి చేసిన రోజున మళ్లీ అక్కరకొచ్చింది.

కానీ మందు ఉన్నంత మాత్రాన సరిపోదు. ముందు హెచ్ఎల్ఏ కుదిరే దాత కావాలి. తోడబుట్టినవారిలో ఒక్కొక్కరికి సరిపోయే అవకాశం 25 శాతమే. ఒకరో ఇద్దరో పిల్లలున్న ఇళ్లలో చాలామంది రోగులకు ఇంట్లో దాత దొరకరు. అప్పుడు బయటివారిలో వెతకాలి. హెచ్ఎల్ఏ రకాలు వంశాలను బట్టి వస్తాయి కాబట్టి తెలుగు పిల్లవాడికి సరిపోయే మజ్జ తెలుగువారిలోనో, దగ్గరి జనాల్లోనో దొరికే అవకాశం ఎక్కువ. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డుకు చెందిన డేవిడ్ రైక్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధన మన దేశంలో కులాల మధ్య పెళ్లిళ్లు లేకుండా తరాలు గడిచాయనీ ఆ గుర్తులు జన్యువుల్లో నిలిచిపోయాయనీ చూపించింది. అందుచేత మన మజ్జ దాతల రిజిస్ట్రీల్లో ప్రతి జిల్లా నుంచీ, ప్రతి కులం నుంచీ, ప్రతి గిరిజన తెగ నుంచీ పేర్లు ఉండాలి. ఇవాళ్టికి అలా లేవు. దేశ జనాభాతో పోలిస్తే నమోదైన దాతల సంఖ్య చాలా చిన్నది. అమెరికాలో, ఇంగ్లండులో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు కూడా ఇదే కష్టం. వాళ్లున్న దేశాల రిజిస్ట్రీల్లో వాళ్లను పోలినవారు తక్కువ.

ఇక్కడున్న పద్దెనిమిదేళ్లు నిండిన ఆరోగ్యవంతులైన యువతీ యువకులకు నా విన్నపం. రిజిస్ట్రీలో పేరు రాయించుకోండి. చెంప లోపల దూది పుల్లతో తుడిచి ఇస్తే హెచ్ఎల్ఏ పరీక్షకు అది చాలు. ఎప్పుడైనా ఒక రోగికి మీరు కుదిరితే, ఎక్కువ సందర్భాల్లో కొన్ని రోజులు ఇంజెక్షన్లు చేసి, చేతి నరం నుంచి కొన్ని గంటల పాటు యంత్రం ద్వారా మూలకణాలు తీసుకుంటారు. కొన్ని వారాల్లో మీ ఒళ్లు వాటిని మళ్లీ తయారుచేసుకుంటుంది. పేరు రాయించే ముందు ఇంట్లోవాళ్లతో మాట్లాడండి, సందేహాలన్నీ అడిగి తీర్చుకోండి. ఎందుకంటే రోగి సొంత మజ్జను నిర్మూలించే చికిత్స మొదలయ్యాక దాత వెనక్కి తగ్గితే ఆ రోగి ప్రాణానికే ముప్పు. ఆలోచించి పేరు ఇవ్వండి, ఇచ్చాక పిలుపు వచ్చిన రోజున వెళ్లండి.